పీజేఆర్ పోయినంక బస్తీ ఓటు ఎవలది?

2025 నవంబర్ల జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక అయింది. మాగంటి గోపీనాథ్ చనిపోతే వచ్చిన ఎన్నిక అది. ఆయన భార్య సునీత కారు గుర్తు మీద నిలవడితే, చెయ్యి గుర్తు మీద నవీన్ యాదవ్ 24 వేల పైచిలుకు ఓట్లతోని గెలిచిండు. టీవీలల్ల, ఫోన్లల్ల రెండు మూడు రోజులు ఒకటే ముచ్చట. కారు కోట కూలిందని కొందరు, పట్నంల కాంగ్రెస్‌కు మల్ల పాణం వచ్చిందని కొందరు. ఆ లెక్కలు చూసుకుంట కూసుంటె నాకు 2007ల చనిపోయిన ఒకాయన యాదికొచ్చిండు. పబ్బతిరెడ్డి జనార్ధన్ రెడ్డి. గింత పెద్ద పేరు చెప్తె బస్తీల శానామంది గుర్తుపట్టరు. పీజేఆర్ అంటె మాత్రం ముసలవ్వలు కూడా తలకాయ ఊపుతరు.

నేను ఆయనను కండ్ల చూడలే. మాది పాలమూరు దిక్కు పల్లె. చదువుకునుడు కోసం పట్నం వచ్చి కృష్ణానగర్ల అర్ర కిరాయికి తీసుకునేటాల్లకే ఆయన పోయి శానా ఏండ్లయింది. నాకు తెల్సింది రెండు తీర్లు. ఒకటి, ఎన్నికల రికార్డులల్ల ఉన్నది. రెండోది, నల్లాల కాడ, చాయ్ హోటళ్ల కాడ పెద్దోళ్లు చెప్పుకునేది. రెండూ కలిపి చూస్తె నాకొకటి సమజైంది. కష్టజీవుల ఓటు ఒక పార్టీకెల్లి ఇంకో పార్టీకి ఎట్ల పోతది, ఎందుకు పోతది అని అడిగేటోళ్లకు పీజేఆర్ బతుకే పెద్ద పాఠం. అందుకే ఊర్లల్ల ఉన్న తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఆయన కథ చెప్పాలనిపించింది.

రెండు బంజారాహిల్స్‌లు

మొదలు జాగ ముచ్చట. బంజారాహిల్స్ అంటె మనకు సినిమా హీరోల బంగ్లాలు, పెద్ద పెద్ద దవాఖానలు, నగల దుకాండ్లు కండ్లల్ల మెదుల్తయ్. అసలు ఆ పేరే బంజారాలది. గుట్టల మీద తండాలు ఉండేటియి. నిజాం కాలంల మెహదీ నవాజ్ జంగ్ అనే పెద్ద అధికారి ఆ బండల నడుమ ఇల్లు కట్టుకున్నంక పెద్దోళ్ల చూపు అటు పడ్డది. 1960లల్ల జూబ్లీహిల్స్ హౌసింగ్ సొసైటీ వచ్చింది. 1970లల్ల అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియో కట్టిండు. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు లేచినయ్. సినిమోళ్లు మద్రాసు ఇడిచిపెట్టి వచ్చిన్రు, ఫిల్మ్ నగర్ అయింది.

గని ఒక్క ఆలోచన చెయ్యున్రి. బండలు పగలగొట్టింది ఎవలు? ఇటుకలు మోసింది ఎవలు? బంగ్లాల గిన్నెలు తోమేది, కార్లు తోలేది, తోటలకు నీళ్లు పట్టేది, రాత్రిళ్లు గేటు కాడ కూసునేది ఎవలు? పాలమూరు, నల్లగొండ, మెదక్ కెల్లి వచ్చినోళ్లు, కోస్తా, రాయలసీమ, ఉత్తరాంధ్ర కెల్లి వచ్చినోళ్లు. వాళ్లు బంగ్లాలల్ల ఉండలేరు కద. గుట్ట పక్కన, బండ సందుల, నాలా ఒడ్డుకు గుడిసె ఏసుకున్నరు. గట్లనే సర్కారు జాగలల్ల బస్తీలు పుట్టినయ్. సినిమాల కోసం వచ్చిన జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, మేకప్‌మెన్‌లు కృష్ణానగర్, ఇందిరానగర్‌లల్ల చేరిన్రు. సనత్‌నగర్, బాలానగర్ ఫ్యాక్టరీలల్ల పని చేసేటోళ్లు బోరబండ, ఎర్రగడ్డ దిక్కు ఇండ్లు ఏసుకున్నరు.

బస్తీల పేర్లు చూస్తె అక్కడి రాజకీయం తెలుస్తది. ఇందిరానగర్ ఉన్నది. జ్ఞానీ జైల్‌సింగ్ నగర్ ఉన్నది. బాబూ జగ్జీవన్ రామ్ పేరు మీద బీజేఆర్ నగర్ ఉన్నది. దీన్‌దయాళ్ నగర్ కూడా ఉన్నది. జాగకు పట్టా లేనోడు ముందుగాల ఒక పెద్ద నాయకుడి పేరు బోర్డు మీద రాసుకుంటడు. ఆ బోర్డు చూసన్న బుల్డోజర్ ఆగుతదేమో అని ఆశ. ఓటు ముచ్చట కూడా ఆ బోర్డు లెక్కనే ఉంటది. పార్టీ మీద పావురం కంటె ముందు, నెత్తి మీద నీడ ఉండాలె అనే గుబులు ఉంటది.

యూనియన్ కెల్లి అసెంబ్లీకి

పీజేఆర్ 1948ల పుట్టిండు. రాజకీయంలకు ఆయన తొవ్వ కార్మిక సంఘాల కెల్లి పడ్డది. అప్పటి హైదరాబాద్ ఇప్పటి లెక్క కంప్యూటర్ల పట్నం కాదు, ఫ్యాక్టరీల పట్నం. ఆల్విన్ ఉండె, ప్రాగా టూల్స్ ఉండె, ఐడీపీఎల్ ఉండె, ఆజామాబాద్, సనత్‌నగర్‌ల కార్ఖానాలు ఉండె. పొద్దుగాల సైరన్ కూస్తె వేల మంది సైకిళ్లు ఒక్కతీరుగ కదిలేటియి. ఫ్యాక్టరీల యూనియన్ ఎన్నికలు అసెంబ్లీ ఎన్నికల తీరుగనే జరిగేటియి. ఆల్విన్‌ల కార్మికునిగ పని చేసిన టంగుటూరి అంజయ్య 1980ల ఉమ్మడి రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిండు అంటె, యూనియన్‌కు అప్పుడు ఎంత బలం ఉండెనో అర్థం చేసుకోవచ్చు.

ఆ బలం కెల్లి వచ్చినోడే పీజేఆర్. 1978ల, 30 ఏండ్ల వయసుల, ఖైరతాబాద్ ఎమ్మెల్యే అయిండు. అప్పటి ఖైరతాబాద్ అంటె ఇప్పటి లెక్క చిన్నది కాదు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మొదలుకొని శేరిలింగంపల్లి దిక్కు దాంక పరుచుకొని ఉండె. రాష్ట్రంలనే పెద్ద నియోజకవర్గాలల్ల అదొకటి. ఒక కొస మీద మంత్రుల బంగ్లాలు, ఇంకో కొస మీద పల్లెలు, నడుమ వందల బస్తీలు.

ఇసొంటి జాగల ఎమ్మెల్యే ముంగట రెండు తొవ్వలు ఉంటయ్. బంగ్లాలోళ్ల సోపతి చేసి భూముల లెక్క చూసుకునుడు ఒకటి. వాళ్లు ఓటుకు రారు గని చందాలిస్తరు. బస్తీలల్ల తిరుగుడు రెండోది. వాళ్ల దగ్గర చందా లేదు గని ఓటు ఉన్నది. పీజేఆర్ బస్తీని పట్టుకున్నడు. నల్లా వస్తలేదంటె జలమండలి ముంగట కూసునుడు, గుడిసె కూలగొట్టనీకె మున్సిపాలిటోళ్లు వస్తె అడ్డం పోవుడు, పోలీస్ స్టేషన్ల పెట్టిన పోరని కోసం రాత్రి పూట పోవుడు, పెండ్లికి పోవుడు, సావుకు పోవుడు. బస్తీ పెద్దోళ్లు ఆయన ముచ్చట చెప్పేటప్పుడు ఎక్కువగ చెప్పేది గిదే. పెద్ద పథకాల పేర్లు వాళ్లకు యాదికి ఉండయ్. వచ్చిండు, నిలవడ్డడు అన్నది యాదికి ఉంటది.

గాలికి ఎదురు

మన దగ్గర ఎన్నికలు గాలి మీద నడుస్తయ్ అంటరు. ఆ గాలిల పీజేఆర్ ఎట్ల నిలిచిండో చూస్తెనే ఆయన బలం కనవడ్తది.

1983ల ఎన్టీఆర్ వచ్చిండు. కిలో రెండు రూపాయల బియ్యం అన్నడు. సినిమా దేవుడు ఊరూరా తిరిగిండు. బస్తీలల్ల ఆడోళ్లు సైకిల్‌కు గుద్దిన్రు. ఖైరతాబాద్ కూడా తెలుగుదేశానికి పోయింది. గిక్కడ ఒకటి గమనించాలె. అప్పటిదాంక ఇందిరమ్మ పేరు చెప్తె కదిలిన ఓటు, ఒక్కసారిల కొత్త పార్టీకి పోయింది. అంటె ఆ ఓటు ఎన్నడూ ఏ పార్టీకీ రాసిచ్చింది కాదు. బియ్యం ధర తగ్గుతదంటె పోయింది.

రెండేండ్లకు, 1985ల, మల్ల ఎన్నికలు. ఎన్టీఆర్‌ను దించేసి మల్ల కూసోబెట్టిన లొల్లి తర్వాత ఆయన మీద పావురం ఇంక పెరిగి ఉన్నది. రాష్ట్రమంత తెలుగుదేశమే. అయినా ఖైరతాబాద్‌ల పీజేఆర్ చెయ్యి గుర్తు మీద గెలిచిండు. రాష్ట్రంల బియ్యం ఇచ్చే ఎన్టీఆర్, బస్తీల నల్లా ఇప్పించే పీజేఆర్. జనం రెండు పనులకు ఇద్దరిని పెట్టుకున్నరు అనిపిస్తది నాకు. 1989ల మల్ల గెలిచిండు. కాంగ్రెస్ సర్కారు వచ్చి మంత్రి కూడా అయిండు.

అసలు పరీక్ష 1994. ఆ ఏడు కాంగ్రెస్‌కు ఉమ్మడి రాష్ట్రంల 294 సీట్లల్ల వచ్చినవి 26. తాజా మాజీ మంత్రులు కుప్పలు కుప్పలుగ ఓడిపోయిన్రు. ఆ 26 మందిల పీజేఆర్ ఒకడు. మిగిలిన పిడికెడు మందికి శాసనసభా పక్ష నాయకుడు కూడా ఆయనే అయిండు. అసెంబ్లీల గంత పెద్ద అధికార పక్షం ముంగట నిలవడి లొల్లి పెట్టుడు ఉత్త ముచ్చట కాదు. తిట్టేటోళ్లు ఉండె, అరుపులు తప్ప ఏముంది అనేటోళ్లు ఉండె. గని అరిసెటోడు కావాలనే బస్తీ ఆయనను పంపింది.

గా కాలంలనే జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడికి కొత్త రూపు వచ్చింది. దాని ఎనుక ఆయనె ఉండె. ఇయ్యాల సినిమోళ్లు కొత్త కారు కొన్నా, సినిమా మొదలువెట్టినా అక్కడికే పోతరు. బోనాల నాడు మాత్రం ఆ గుడి మెట్ల మీద బస్తీ ఆడోళ్లే కనవడ్తరు. బంగ్లా, బస్తీ ఒక్క దగ్గర చేతులు జోడించే జాగ ఆ చుట్టుపక్కల అదొక్కటేనేమో.

1999 దెబ్బ

1998ల మాదాపూర్‌ల సైబర్ టవర్స్ తెరిచిన్రు. చంద్రబాబు హైటెక్ అన్నడు. దేశంల కార్గిల్ యుద్ధం అయింది, వాజ్‌పేయి గాలి వీసింది, తెలుగుదేశం, బీజేపీ కలిసి పోటీ చేసినయ్. పీజేఆర్ మీద సీబీఐ డైరెక్టర్‌గ పని చేసిన కె. విజయరామారావును నిలవెట్టిన్రు. పీజేఆర్ ఓడిపోయిండు.

ఆ ఓటమిని ఉత్త గాలి అని తీసిపారేస్తె తప్పు చేసినట్టే. నియోజకవర్గమే మారిపోయింది. కొత్త కాలనీలు, అపార్ట్‌మెంట్లు లేచినయ్. వాటిల ఉండేటోళ్లకు నల్లా కోసం ఎమ్మెల్యే దర్వాజ కొట్టే పని లేదు. ట్యాంకర్ తెప్పించుకుంటరు. ఇంకో దిక్కు ఫ్యాక్టరీలు ఒక్కొక్కటి మూతవడ్డయ్. ఆల్విన్ ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ చేతికి పోయింది. ఐడీపీఎల్ గేట్లకు తుప్పు పట్టింది. యూనియన్ ఎన్నికల గోడ రాతలు మాసిపోయినయ్. ఫ్యాక్టరీల పర్మినెంట్ నౌకరి చేసిన తండ్రి కొడుకు, ఐటీ కంపెనీ గేటు కాడ కాంట్రాక్టు సెక్యూరిటీ గార్డు అయిండు. తండ్రికి యూనియన్ కార్డు ఉండె. కొడుకుకు ఏజెన్సోడి ఫోన్ నంబర్ తప్ప ఇంకేం లేదు.

పీజేఆర్ ఏ మట్టిల మొలిచిండో ఆ మట్టే ఆయన కాళ్ల కింద కెల్లి జారుకుంట పోతున్నది. అయినా ఆయన బస్తీ ఇడిచిపెట్టలే. ఓడిపోయినంక కూడా నీళ్ల కోసం కొట్లాట నడిపిండు. పట్నానికి కృష్ణా నీళ్లు రావాలని గట్టిగ కొట్లాడినోళ్లల్ల ఆయన పేరు ముందుంటది. కృష్ణా మొదటి దశ నీళ్లు 2004ల పట్నంకు వచ్చినయ్. అదే ఏడు ఎన్నికలల్ల ఆయన మల్ల గెలిచిండు. ఐదోసారి.

సొంత సర్కారు మీదనే

2004ల కాంగ్రెస్ గెలిచింది, వైఎస్ రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రి అయిండు. 26 మంది ఉన్న రోజులల్ల పార్టీని అసెంబ్లీల మోసిన పీజేఆర్‌కు మంత్రి పదవి రాలే. ఇసొంటప్పుడు శానామంది మూతి ముడుచుకొని ఇంట్ల కూసుంటరు, లేకుంటె ఇంకో కండువా ఎతుక్కుంటరు. ఈయన రెండూ చెయ్యలే. అధికార పార్టీల ఉండుకుంటనే సర్కారును నిలదీసిండు. పోతిరెడ్డిపాడు కాడ కాలువ వెడల్పు చేసి శ్రీశైలం నీళ్లు ఎక్కువ తీసుకపోనీకె సర్కారు పూనుకుంటె, తెలంగాణకు అన్యాయం జరుగుతదని సొంత ముఖ్యమంత్రికి ఎదురుగ మాట్లాడిండు. ఇయ్యాల పోతిరెడ్డిపాడు పేరు మీద అన్ని పార్టీలు ఒకదాన్నొకటి తిట్టుకుంటయ్. అన్ని పార్టీలోళ్లు పీజేఆర్ పేరు ఇజ్జత్‌తోనే తీస్తరు.

2007 డిసెంబర్ 28న గుండెపోటు వచ్చి పోయిండు. 60 ఏండ్లు కూడా నిండలే. 2008 ఉప ఎన్నికల కొడుకు విష్ణువర్ధన్ రెడ్డిని జనం గెలిపిచ్చిన్రు.

ఒక చెట్టు పడ్డంక

ఇగ అసలు ముచ్చట. ఆయన పోయినంక ఆ ఓటు ఏమైంది?

2009 ఎన్నికలకు నియోజకవర్గాల పునర్విభజన అమలైంది. పాత ఖైరతాబాద్ ముక్కలైంది. జూబ్లీహిల్స్, శేరిలింగంపల్లి వేరే సీట్లు అయినయ్. ఖైరతాబాద్ సీటు గీ తీరుగ తిరిగింది. 2009ల కాంగ్రెస్, దానం నాగేందర్. 2014ల బీజేపీ, చింతల రామచంద్రారెడ్డి. 2018ల టీఆర్ఎస్, మల్ల దానం నాగేందరే. 2023ల బీఆర్ఎస్, దానమే. 2024ల దానం మల్ల కాంగ్రెస్ దిక్కు పోయి సికింద్రాబాద్ ఎంపీగ పోటీ చేసిండు. ఒక్క నాయకుడు, కండువాలు మాత్రం మారుకుంట పోయినయ్. బంజారాహిల్స్ కార్పొరేటర్‌గ కారు గుర్తు మీద గెలిచి మేయర్ అయిన గద్వాల విజయలక్ష్మి కూడా 2024ల కాంగ్రెస్‌ల చేరింది.

జూబ్లీహిల్స్ కూడా గంతే. 2009ల విష్ణువర్ధన్ రెడ్డి చెయ్యి మీద గెలిచిండు. 2014ల మాగంటి గోపీనాథ్ సైకిల్ మీద గెలిచి తర్వాత కారెక్కిండు. 2018, 2023 కారు మీదనే గెలిచిండు. 2014ల మజ్లిస్ గుర్తు మీద రెండో స్థానంల నిలిచిన నవీన్ యాదవ్, 2025ల చెయ్యి గుర్తు మీద గెలిచిండు.

పీజేఆర్ ఇంటి ముచ్చట ఇంక ఎక్కువ చెప్తది. 2023ల జూబ్లీహిల్స్ టికెట్ కాంగ్రెస్ అజారుద్దీన్‌కు ఇచ్చింది. విష్ణువర్ధన్ రెడ్డి బీఆర్ఎస్‌ల చేరిండు. అదే ఎన్నికల బిడ్డ విజయారెడ్డి ఖైరతాబాద్‌ల కాంగ్రెస్ గుర్తు మీద నిలవడి ఓడింది. ఆమె అంతకు ముందు వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తు మీద పోటీ చేసింది, టీఆర్ఎస్ కార్పొరేటర్‌గ గెలిచింది. కొడుకు ఒక దిక్కు, బిడ్డ ఇంకో దిక్కు. నేను వాళ్లను తప్పు పడ్తలే. నాయకుని కడుపున పుట్టిన పిల్లలకే ఒక్క జెండా నీడ దొరకనప్పుడు, నాలా ఒడ్డుకు ఉన్నోడు ఒక్క జెండానే పట్టుకొని ఉండాలని అడిగే హక్కు ఎవలకు ఉన్నది?

మన ఊర్ల లెక్క పక్కన పెట్టి చూడున్రి. 2023ల మన ఊర్లు చెయ్యికి గుద్ది సర్కారును మార్చినయ్. అదే ఎన్నికల హైదరాబాద్ జిల్లాల ఉన్న 15 సీట్లల్ల కాంగ్రెస్‌కు ఒక్కటి రాలే. ఊర్ల ఉన్న తండ్రి చెయ్యికి, పట్నంల ఉన్న కొడుకు కారుకు. రెండేండ్లు కాకముందే జూబ్లీహిల్స్‌ల చెయ్యి గెలిచింది. నడుమ ఏమైంది? ఉచిత బస్సు వచ్చింది, కరెంటు బిల్లు జీరో వచ్చింది, రేషన్ దుకాండ్ల సన్నబియ్యం వచ్చింది. ఏలుబడి చేతుల ఉన్నోడితోని ఉంటె పని అయితది అనే లెక్క కూడా ఉంటది. ఇదంత పెద్ద రహస్యం కాదు. 1983ల రెండు రూపాయల బియ్యం కాడ మొదలైన లెక్కనే.

ఇది మన దగ్గర్నే అయితలేదు. పడమటి బెంగాల్‌ల 34 ఏండ్లు ఎర్రజెండాకు ఓటేసిన కూలీలు, రైతులు 2011ల మమతా బెనర్జీ దిక్కు తిరిగిన్రు. ఇంగ్లాండ్‌ల బొగ్గు బాయిల ఊర్లు తాతల కాలం కెల్లి లేబర్ పార్టీకి ఓటేసి, 2019ల వాటిల శానా ఊర్లు కన్జర్వేటివ్‌లకు గుద్దినయ్. అక్కడ కూడా బాయిలు మూతవడ్డయ్, యూనియన్లు సన్నవడ్డయ్, ఓటు ఎటు పోవాల్నో తెల్వక తిరిగింది. పని కాడ కలిపి ఉంచే సంఘం పోయినంక జెండా మీద నమ్మకం ఒక్కటే ఎక్కువ రోజులు నిలవదు.

ఆయన చెయ్యని పని

పీజేఆర్‌ను దేవునిగ చేసి దండ ఏసుడు సులువు. 2025ల కొండాపూర్ దిక్కు కట్టిన కొత్త ఫ్లైఓవర్‌కు ఆయన పేరు పెట్టిన్రు. మంచిదే. గని ఆయన బతుకుల ఒక లోటు ఉన్నదని నాకు అనిపిస్తది, అది చెప్పకుంటె ఈ రాతకు అర్థం లేదు.

ఆయన యూనియన్ కెల్లి వచ్చిండు. బస్తీల మాత్రం యూనియన్ కట్టలే. ఫ్యాక్టరీల సంఘం ఉంటె నాయకుడు మారినా సంఘం ఉంటది, రిజిస్టర్ ఉంటది, చందా పుస్తకం ఉంటది, ఎన్నిక ఉంటది. బస్తీల ఉన్నది పీజేఆర్ ఒక్కడే. నల్లా కావాలంటె ఆయన, పట్టా కావాలంటె ఆయన, పోలీసులు పట్టుకుంటె ఆయన. గంత పెద్ద మనిషి ఉన్నప్పుడు ఇంకో దర్వాజ అవసరం ఎవలకు రాలే. ఆయన పోయిన నాడు ఆ దర్వాజ మూసుకపోయింది. ఎనుక నడిచినోళ్లు శానామంది లీడర్లు అయిన్రు. తలా ఒక పార్టీల చేరిన్రు. వాళ్లు ఆయన దగ్గర నేర్చుకున్నది జనం నడుమ తిరుగుడు. జనం ఒక్కటై సొంతంగ నిలవడుడు ఎట్లనో ఎవలూ నేర్పలే.

అట్ల బస్తీ ఓటు గాలిల దీపం అయింది. ఎన్నిక వస్తె చీరలు, సీసాలు, పైసలు అనే మాటలు వినవడ్తయ్. ఓటరును అమ్ముడుపోయిండని తిట్టుడు సులువు. గని నమ్మే మనిషి పోయి, నమ్మే సంఘం లేనోడు, చేతికి వచ్చిన దాన్ని ఇడిచిపెట్టడు. జూబ్లీహిల్స్ ఉప ఎన్నికల ఓటర్లల్ల సగం మంది కూడా పోలింగ్ బూత్‌కు రాలే. గెలిచినోళ్ల లెక్క, ఓడినోళ్ల లెక్క అందరు మాట్లాడిన్రు. ఇంట్ల కూసున్న సగం మంది ముచ్చట ఎవలూ ఎత్తలే. వాళ్లది కూడా ఒక తీర్పే కద.

సంఘం బలం పూర్తిగ పోలేదు అనడానికి అదే జాగల ఒక సాక్ష్యం ఉన్నది. 2025 ఆగస్టుల సినిమా కార్మికులు కూలీ 30 శాతం పెంచాలని సమ్మె చేసిన్రు. రెండు వారాలకు పైన షూటింగులు ఆగినయ్. కోట్ల సినిమాలు లైట్‌మన్ లేక, డ్రైవర్ లేక నిలిచిపోయినయ్. ఆఖరికి ప్రభుత్వం నడుమకొచ్చింది, కూలీ పెంచిన్రు, అడిగినంత ఒక్కసారే రాకున్నా. కొన్ని నెలలకే, ఉప ఎన్నిక ముంగట, ముఖ్యమంత్రి ఆ సినిమా కార్మికుల సభకే వచ్చిండు. ఎందుకొచ్చిండు? వాళ్లు ఒక్కటిగ ఉన్నరు కాబట్టి. వాళ్లు నాయకుని దర్వాజ కాడికి పోలే, నాయకుడే వాళ్ల దర్వాజకు వచ్చిండు. గీ తేడా పట్టుకోవాలె.

ఊర్లె ఉన్న తమ్ముళ్లకు

మీల శానామంది రేపో ఎల్లుండో పట్నం బస్సు ఎక్కుతరు. కొందరు ఇప్పటికే ఎక్కిన్రు. ఫుడ్ డెలివరీ సంచి భుజానికి ఏసుకొని బంజారాహిల్స్ గుట్టలు ఎక్కి దిగుతున్నరు. ఓటు ఊర్ల ఉంటది, బతుకు పట్నంల ఉంటది. ఎన్నిక రోజు ఎవడో బస్సు పెడ్తె ఊరికి పోయి గుద్ది వస్తరు. పట్నంల మిమ్ముల అడిగేటోడు లేడు, ఊర్ల మీరు అడిగేటోడు లేడు.

మీరు ఏ పార్టీకి ఓటెయ్యాల్నో నేను చెప్పను. చెయ్యి, కారు, పువ్వు, సైకిల్ అన్నీ బస్తీ తిరిగి చూసింది. పార్టీ మార్చుడు తప్పు కాదు, పాపం కాదు. ఓటు మార్చే హక్కు ఉన్నందుకే నాయకులు నల్లాల కాడికి వస్తరు. గని మార్చిన ప్రతిసారి ఒక్కడు ఒక్కడుగ మారితె అది ఉత్త అలుగుడు. పది మంది కూసొని, మాకు గిది కావాలె అని కాగితం మీద రాసుకొని మారితె అది బేరం. బేరం ఉన్నోడి మాటకే ధర ఉంటది.

పీజేఆర్ అసొంటి నాయకుడు మల్ల వస్తడా అని బస్తీ పెద్దోళ్లు ఇంకా అడుగుతరు. నాకైతె ఇంకో తీరు అడగాలనిపిస్తది. పీజేఆర్ అసొంటోడు రాకున్నా నల్లా ఇప్పించుకునే బస్తీ కమిటీ ఎప్పుడు వస్తది? డెలివరీ పోరగాళ్ల సంఘం, సెక్యూరిటీ గార్డుల సంఘం, ఇండ్లల్ల పని చేసే అక్కల సంఘం ఎప్పుడు వస్తది? ఆయన 30 ఏండ్లకే ఎమ్మెల్యే అయిండు అంటె, అంతకు ముందు ఫ్యాక్టరీ గేట్ల కాడ మనుషులను కూడగట్టిండు కాబట్టి. ఆయన బతుకుల మనం ఎత్తుకోవాల్సిన పని అదే, అదీ ఇప్పుడు మన వయసుల ఉన్నప్పుడే.